టీమ్ కోడ్ వెనకాల రాజ్యాంగం: మూట్ కోర్టుకి వెళ్లేవాళ్ల కోసం గోప్యత, సమానత్వం

ఆదివారం సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసు గదిలో కుర్చీలన్నీ గోడవారగా జరిపేసి, పాత టేబుల్‌నే బెంచ్ అనుకుని, ముగ్గురు లా విద్యార్థులతో మూట్‌కి, అంటే ఊహించిన కేసు మీద కోర్టులో లాగే వాదించే పోటీకి, ప్రాక్టీసు పెట్టాం. మొదటి స్పీకర్ తెనాలి నుంచి రైల్లో వచ్చి చదువుకుంటున్న అమ్మాయి. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "మే ఇట్ ప్లీజ్ యువర్ లార్డ్‌షిప్స్" అని మొదలుపెట్టి, అలవాటుకొద్దీ తన కాలేజీ పేరు చెప్పబోయింది. పక్కన కూర్చున్న రీసెర్చర్ (జట్టుకి తీర్పులు వెతికిపెట్టే విద్యార్థి) పెన్నుతో టేబుల్ మీద టకటకా కొట్టాడు. "కోడ్ చెప్పు, కాలేజీ పేరు చెప్తే మార్కులు కట్" అన్నాడు. పోటీలో కాలేజీ పేరుకి బదులుగా జట్టుకిచ్చే గుర్తే ఆ కోడ్.

ఆ అమ్మాయి ఆగి నన్నే అడిగింది. "కాలేజీ పేరు చెప్తే ఏమవుతుంది సార్? అందులో దాచుకోవాల్సిందేముంది?"

ఆ వారం వాళ్లు తెచ్చుకున్న మూట్ ప్రాపోజిషన్, అంటే వాదించాల్సిన ఊహాత్మక కేసు, గోప్యత హక్కు మీద, సమానత్వ హక్కు మీద. రెండు రోజుల నుంచి మెమోరియల్‌లో (రాతపూర్వకంగా ఇచ్చే వాదనలో) ఈ రెండు హక్కులకీ లింకు దొరక్క టెన్షన్ పడుతున్నారు. లింకు మాత్రం ఆ అమ్మాయి ప్రశ్నలోనే ఉంది. జడ్జి ఎదురుగా ఉన్నది ఢిల్లీ, బెంగళూరు నుంచి వచ్చిన పేరున్న లా యూనివర్సిటీ జట్టా, లేక గుంటూరులో మధ్యాహ్నం దాకా కోర్టులో క్లర్కు పని చేసుకుని సాయంత్రం క్లాసుకెళ్లే కుర్రాళ్ల జట్టా అన్నది తెలియకూడదనే కోడ్ పెడతారు. అంటే ఇక్కడ ఒక సంగతిని గోప్యంగా ఉంచేది ఇద్దరినీ సమానంగా చూడటానికే. గోప్యత అంటే ఏదో తప్పు చేసి దాచుకోవడం అనుకుంటాం కానీ, చాలాసార్లు బలహీనుడికి దక్కాల్సిన సమానత్వాన్ని కాపాడేది అదే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా తీర్పులన్నీ వాటంతట అవే ఒక వరసలోకి వస్తాయి, అందుకే ఇదంతా కొంచెం వివరంగా రాస్తున్నాను.

మామూలుగా మన కుర్రాళ్లు చేసేదేంటంటే, మెమోరియల్‌లో ఇష్యూ నంబర్ ఒకటి కింద అధికరణం 21 (ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ) అని హెడ్డింగ్ పెట్టి గోప్యత మీద వచ్చిన పుట్టస్వామి తీర్పులోంచి నాలుగు పేరాలు దించుతారు, ఇష్యూ నంబర్ రెండు కింద అధికరణం 14 (సమానత్వం) అని పెట్టి రాయప్ప తీర్పు దించుతారు. ఒకదానికి రెండోదానితో సంబంధం ఉండదు. జడ్జి "ఈ రెండూ ఒకటేనా, వేరువేరా?" అని అడగ్గానే స్పీకర్ నీళ్లు నములుతాడు. బార్ కౌన్సిల్ 2008 రూల్స్ ప్రకారం ఏడాదికి మూడు మూట్‌లు, ఒక్కోదానికి 10 మార్కులు కాబట్టి అందరూ చేస్తారు, కానీ ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్లు నాకు తక్కువే తగిలారు. తెలివి తక్కువై కాదు, క్లాసులో 14 ఒక నెల చెప్తారు, 21 ఇంకో నెల చెప్తారు, రెండూ కలిపి ఎవరూ చెప్పరు.

ముందు గోప్యత సంగతి. మన రాజ్యాంగంలో ఆ మాట ఎక్కడా రాసి లేదు. 1954లో ఎం.పి. శర్మ కేసులో 8 మంది జడ్జీలు, సోదాలు చేసి కాగితాలు పట్టుకెళ్లే విషయంలో, అమెరికాలో ఉన్నలాంటి గోప్యత హక్కుని ఇక్కడికి తెచ్చుకోలేం అన్నారు. తర్వాత 1962లో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఈ కేసు మీద గుంటూరువాళ్లకి కొంచెం ఎక్కువ మమకారం ఉండాలని నా అభిప్రాయం, ఎందుకో చెప్తాను. ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్‌లో ఒక దోపిడీ కేసులో పట్టుబడి, సాక్ష్యం లేక బయటపడ్డ మనిషి. అయినా పోలీసులు అతని పేరు మీద హిస్టరీ షీట్ (నిఘా పెట్టాల్సినవాళ్ల రికార్డు) తెరిచి, అర్ధరాత్రి తలుపు కొట్టడం, ఎక్కడికెళ్తే అక్కడికి వెంటపడటం మొదలుపెట్టారు. 6 మంది జడ్జీల్లో నలుగురు, రాత్రిపూట ఇంటికెళ్లి తలుపు కొట్టడం తప్పేగానీ వెంటపడి గమనించడం తప్పు కాదు, గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదు అన్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు. ఆ ఇద్దరి తరఫున తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు. రాసి లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత అంతర్భాగమే, ఒంటికి సంకెళ్లు వేయకపోయినా ఎవడో వెనకాల చూస్తూనే ఉన్నాడన్న భయంతో బతికేవాడు స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు అన్నది ఆయన వాదన సారాంశం.

ఆ సుబ్బారావుగారే 1954 జులైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైనప్పుడు దానికి మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తి. 1956లో కోర్టు హైదరాబాద్ వెళ్లిపోయేదాకా ఇక్కడే ఉంది. అప్పట్లో ఓడిపోయిన ఆయన వాదనే 55 ఏళ్ల తర్వాత గెలిచింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది జడ్జీలు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చారు, ఎం.పి. శర్మ, ఖరక్ సింగ్ కేసుల్లో గోప్యత హక్కు కాదన్న మాటల్ని పక్కన పెట్టేశారు. ఆ 9 మందిలో మన కృష్ణా జిల్లా మనిషి జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు, ఆయన విడిగా తన తీర్పు రాశారు. 2023లో మన రాష్ట్రానికి గవర్నర్‌గా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ కూడా ఆ బెంచ్‌లోని వారే. మూట్‌లో ఖరక్ సింగ్ పేరెత్తితే "అది ఓవర్‌రూల్ అయింది కదా" అని బెంచ్ వెంటనే పట్టుకుంటుంది. అయింది మెజారిటీ మాట, మేం ఆధారపడుతున్నది జస్టిస్ సుబ్బారావుగారి భిన్నాభిప్రాయం మీద అని చెప్పగలిగితే ఆ ప్రశ్నే మీకు మెట్టవుతుంది.

పుట్టస్వామి తర్వాత గోప్యతలోకి ప్రభుత్వం చొరబడాలంటే మూడు మెట్లు ఎక్కాలి. దానికి ఒక చట్టం ఉండాలి. సరైన ఉద్దేశం ఉండాలి. ఆ ఉద్దేశానికి ఎంత అవసరమో అంతే చొరబడాలి. ఈ మూడోదాన్నే ప్రొపోర్షనాలిటీ అంటారు, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయకూడదని మన పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పిందే. మొదటి మెట్టు దగ్గరే చాలా కేసులు పడిపోతాయి, ఎందుకంటే చట్టం అంటే శాసనసభ చేసింది, ఆఫీసర్ సంతకం పెట్టిన సర్క్యులర్ కాదు. 2022 జులైలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి రౌడీ షీట్ల కేసులో చెప్పింది ఇదే, పోలీసు శాఖ తనకి తాను రాసుకున్న స్టాండింగ్ ఆర్డర్లు చట్టం కావు కాబట్టి వాటి ఆధారంగా రౌడీ షీట్లు తెరవకూడదని. ఖరక్ సింగ్ హిస్టరీ షీట్ దగ్గర మొదలైన కథ మన హైకోర్టు ఉన్న నేలపాడులో రౌడీ షీట్ దగ్గరికి వచ్చిందన్నమాట.

సమానత్వం పరీక్షలు వేరు, ఇక్కడ త్వరగా చెప్పేస్తాను, ఇవి మీకు క్లాసులో వచ్చినవే. 1952 అన్వర్ అలీ సర్కార్ కేసు నుంచి ఉన్నది వర్గీకరణ పరీక్ష: విడదీసిన రెండు గుంపుల మధ్య అర్థమయ్యే తేడా ఉండాలి, ఆ తేడాకీ చట్టం ఉద్దేశానికీ పొంతన ఉండాలి. 1974 రాయప్ప కేసుతో ఇష్టారాజ్యం కూడా సమానత్వానికి విరుద్ధమే అన్నది వచ్చింది. కులం, మతం, లింగం, పుట్టిన చోటు లాంటివాటి మీద తేడా చూపిస్తే అధికరణం 15 దగ్గరికి వెళ్లాలి, అక్కడ కోర్టు ఇంకాస్త గట్టిగా చూస్తుంది.

ఇప్పుడు రెండూ కలిసిన చోటుకి వద్దాం. దీనికి సుప్రీంకోర్టు దాకా పోనక్కర్లేదు, 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన సరిత కేసు చాలు. సినీ నటి సరిత మీద, తనతో కాపురానికి రావాలంటూ భర్త కడప కోర్టులో కేసు వేశాడు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 ప్రకారం కోర్టు అలా ఆర్డర్ ఇవ్వొచ్చు, దాన్నే దాంపత్య హక్కుల పునరుద్ధరణ అంటారు. విషయం హైకోర్టుకి వచ్చింది. జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే కొట్టేశారు.

ఆయన వాదన ఎలా నడిచిందో చూడండి. ముందు గోప్యత. ఎవరితో ఉండాలి, ఎప్పుడు బిడ్డని కనాలి అన్నది ఆ మనిషి తన ఒంటి గురించి తాను తీసుకునే నిర్ణయం, సెక్షన్ 9 ఆ నిర్ణయాన్ని ఆమె చేతుల్లోంచి లాక్కుని ప్రభుత్వం చేతుల్లో పెడుతోంది. తర్వాత సమానత్వం. సెక్షన్ 9 చదివితే భార్యాభర్తలిద్దరికీ ఒకేలా ఉంటుంది, భార్య కూడా భర్త మీద కేసు వేయొచ్చు. కాగితం మీద అంతా సమానమే. కానీ ఆ ఆర్డర్ వచ్చాక గర్భం మోయాల్సింది ఎవరు? జీవితం తలకిందులయ్యేది ఎవరిది? మన సమాజంలో ఆచరణలో ఆ సెక్షన్ భర్త చేతిలో ఆయుధం, భార్య మెడ మీద కత్తి. సమానం కానివాళ్లని సమానంగా చూడటం కూడా అసమానతే అని ఆయన తేల్చారు. గోప్యత పోతే కలిగే నష్టం ఇద్దరికీ ఒకేలా ఉండదు, ఆ తేడా ఉన్న చోటే సమానత్వం ప్రశ్న పుడుతుంది. మా ముగ్గురు విద్యార్థులకీ రెండు రోజులుగా దొరకని లింకు ఇదే.

దీంట్లో ఒక జాగ్రత్త ఉంది. ఆ తీర్పు నిలవలేదు. మరుసటి ఏడాది, 1984లో, సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ 9 చెల్లుతుంది అంది. కాబట్టి సరితని "ఇది చట్టం" అని చెప్తే మునిగిపోతారు, "ఈ తర్కం తర్వాతి తీర్పుల్లో మళ్లీ బతికింది" అని చెప్పాలి. ఎలా బతికిందంటే, పుట్టస్వామి తీర్పులోనే జస్టిస్ చంద్రచూడ్ గోప్యత పేరు చెప్పి ఇంట్లో పురుషాధిక్యాన్ని దాచడానికి వీల్లేదని రాశారు, 2021 నితీషా కేసులో, సైన్యంలో మహిళా ఆఫీసర్ల విషయంలో, పైకి అందరికీ ఒకేలా కనిపించే నిబంధన ఒక వర్గాన్నే దెబ్బతీస్తే అది పరోక్ష వివక్ష అని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2019లో గుజరాత్‌లోని జాతీయ లా యూనివర్సిటీ విద్యార్థులు ఇదే సెక్షన్ 9ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. మూట్ చేసే వయసు పిల్లలు నిజమైన కోర్టులో నిజమైన పిటిషన్ వేశారు, ఆ సంగతి చెప్పినప్పుడు మా రీసెర్చర్ మొహం వెలిగిపోయింది.

సరే, ఇదంతా వాదనలో ఎలా పెట్టాలి? ఆ ఆదివారం నేనే ఒక ఊహాత్మక సమస్య ఇచ్చాను. ఒక రాష్ట్ర ప్రభుత్వం సర్క్యులర్ ఇచ్చింది: ప్రభుత్వ డిగ్రీ కాలేజీల అమ్మాయిల హాస్టళ్లలో ఉండే ప్రతి విద్యార్థినీ ఫోన్లో ఒక యాప్ పెట్టుకోవాలి, ఆమె ఎక్కడుందో గంటగంటకీ వార్డెన్‌కీ తల్లిదండ్రులకీ మెసేజ్ వెళ్తుంది. అబ్బాయిల హాస్టళ్లకి ఇది లేదు. కారణం భద్రత. అందరూ పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లే.

తెనాలి అమ్మాయి పిటిషనర్ (సర్క్యులర్‌ని సవాలు చేసే పక్షం), నేను జడ్జి. అడిగాను. "హాస్టల్ ప్రభుత్వానిది కదా, ప్రభుత్వ భవనంలో ఉంటూ గోప్యత ఏమిటి?" మొదటిసారి తడబడింది. దీనికి జవాబు కూడా మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే ఉంది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో, కలెక్టర్ పంపిన ఎవరైనా సరే బ్యాంకులోకి వెళ్లి కాగితాలు తిరగేయొచ్చు అన్నట్టు ఉండేది. కెనరా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు, గోప్యత చోటుకి సంబంధించింది కాదు, మనిషికి సంబంధించింది అంది. కాగితం బ్యాంకు బీరువాలో ఉన్నా అందులోని సంగతి ఖాతాదారుడిదే. అలాగే మంచం ప్రభుత్వానిదైనా దాని మీద పడుకున్న అమ్మాయి ఎటు వెళ్లిందన్నది ఆమెది. రెండోసారి అడిగినప్పుడు ఈ జవాబు గడగడా చెప్పేసింది.

తర్వాత రెస్పాండెంట్, అంటే ప్రభుత్వం, తరఫున ఉన్న కుర్రాడి వంతు. అతను బలమైన పాయింటే పట్టుకున్నాడు. అధికరణం 15(3) ప్రకారం స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చు కదా, ఇది వాళ్ల రక్షణ కోసమే కదా అన్నాడు. ఈ వాదనని తేలిగ్గా తీసేయకూడదు. పల్నాడు నుంచో, ప్రకాశం నుంచో ఆడపిల్లని విజయవాడ పంపిన తల్లికి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ కలవకపోతే ఎలా ఉంటుందో మనకి తెలుసు, ఆ భయం నిజం. కానీ 2007లో అనూజ్ గార్గ్ కేసు ఉంది. మద్యం అమ్మే చోట ఆడవాళ్లు ఉద్యోగం చేయకూడదన్న పాత పంజాబ్ ఎక్సైజ్ చట్టం నిబంధన అది. రక్షణ పేరుతో ఆడవాళ్ల స్వేచ్ఛకే కత్తెర వేస్తే కోర్టు దాన్ని గట్టిగా పరీక్షిస్తుంది, భద్రంగా ఉండే పరిస్థితి కల్పించడం ప్రభుత్వం పని అని సుప్రీంకోర్టు చెప్పింది. అంతకన్నా దగ్గరి కేసు 2019లో కేరళ హైకోర్టుది, ఫహీమా షిరిన్. అమ్మాయిల హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోన్లు వాడకూడదన్నారు, ఒప్పుకోనందుకు ఒక విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపించేశారు. ఇంటర్నెట్ వాడుకోవడం చదువుకునే హక్కులో, గోప్యతలో భాగమే అని కోర్టు ఆమెని మళ్లీ చేర్చుకోమంది.

ఇక రెండు హక్కుల్నీ కలిపే మాట. "భద్రతే ఉద్దేశమైతే అబ్బాయిలకి ప్రమాదాలు జరగవా, మై లార్డ్? ఈ సర్క్యులర్ కొలుస్తున్నది ప్రమాదాన్ని కాదు, అమ్మాయి నడవడికని." ఆ అమ్మాయి ఈ మాట అన్నప్పుడు గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ ఒక్క మాటలో సమానత్వం ఉంది, ఎందుకంటే తేడాకీ ఉద్దేశానికీ పొంతన లేదని చూపిస్తోంది. గోప్యత కూడా ఉంది, ఎందుకంటే ఉద్దేశమే అసలుది కాదని తేలితే ప్రొపోర్షనాలిటీ దాకా వెళ్లక్కర్లేదు. అలాగని రెండు పరీక్షల్నీ కలగాపులగం చేయొద్దు. పరీక్షలు వేరువేరుగా నడపండి, వాస్తవాలు మాత్రం ఒక్కటే వాడండి. అబ్బాయిలకి కూడా అదే యాప్ పెడతాం అని ప్రభుత్వం రేపు అంటే సమానత్వం వాదన బలహీనపడుతుంది, గోప్యత వాదన అలాగే ఉంటుంది. అందుకే రెండూ కావాలి. బెంచ్ ఈ మలుపు తప్పకుండా తిప్పుతుంది, సిద్ధంగా ఉండండి.

ఇంకో గొయ్యి, ప్రాథమిక హక్కుల విషయంలో 'ప్రభుత్వం' అంటే ఎవరో చెప్పే అధికరణం 12. ఇదే యాప్‌ని ఒక ప్రైవేటు కాలేజీ పెడితే? విజయవాడ, గుంటూరుల్లో హాస్టళ్లంటే ఎక్కువగా ప్రైవేటువే కాబట్టి మన పిల్లలకి ఈ ప్రశ్న మనసుకి దగ్గరగా తగులుతుంది. 14 ప్రభుత్వానికే వర్తిస్తుంది, 15(1) కూడా అంతే. ప్రైవేటు వ్యక్తులకి నేరుగా వర్తించేవి 15(2) (దుకాణాలు, బావుల్లాంటి చోట్లకి ప్రవేశం), 17 (అంటరానితనం), 23 (వెట్టిచాకిరీ) లాంటి కొన్నే. కానీ 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ, 19 (మాట్లాడటం, తిరగడం లాంటి స్వేచ్ఛలు), 21 హక్కుల్ని ప్రభుత్వం కానివాళ్ల మీద కూడా అమలు చేయమని అడగొచ్చు అంది. అంటే ప్రైవేటు హాస్టల్ కేసులో సమానత్వం తలుపు సగం మూసుకున్నా గోప్యత తలుపు తెరిచే ఉంటుంది. దానికి తోడు, ప్రజలకి సంబంధించిన బాధ్యత నెరవేర్చే ప్రైవేటు సంస్థ మీద అధికరణం 226 కింద రిట్ (హక్కుల అమలు కోసం నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) వేసే దారి ఉంది. పైగా ఇంటర్ పిల్లల హాస్టల్ అయితే వాళ్లు మైనర్లు, అప్పుడు తల్లిదండ్రుల మాటకి బరువు పెరుగుతుంది. ప్రాపోజిషన్‌లో వయసు ఎంతని రాశారో రెండుసార్లు చూసుకోండి.

ఇక పోటీకి వెళ్లే మీ సంగతి. మూట్ నడిపేది ప్రైవేటు సంస్థయితే జడ్జి అన్యాయంగా మార్కులేశాడని 14 కింద రిట్ వేయలేరు, మీకున్న రక్షణ రూల్‌బుక్కే. అందుకే దాన్ని చదవండి. వీడియో తీసి పెడతారా, మార్కుల షీట్ మీకు చూపిస్తారా, కోడ్ బయటపడితే ఎన్ని మార్కులు పోతాయి, జడ్జి మీ యాస మీదో బట్టల మీదో మాట్లాడితే ఎవరికి చెప్పాలి, ఇవన్నీ రిజిస్ట్రేషన్ ఫీజు కట్టకముందే అడగాల్సినవి. చాలా ఏళ్ల కిందట నేను ఆడిన ఒక పోటీలో రౌండ్‌కి ముందు జడ్జిగారు "ఏ ఊరు బాబూ మీది?" అని ఆప్యాయంగానే అడిగారు, నేను ఆప్యాయంగానే చెప్పాను, ఆ తర్వాత నలభై నిమిషాలూ ఆయన నా ఇంగ్లిష్ ఉచ్చారణ గురించే మాట్లాడారు, కేసు గురించి కాదు. ఆ రోజు కోడ్ ఎందుకు పెడతారో నాకు ఎవరూ చెప్పలేదు.

రాత్రి ఎనిమిదిన్నరకి మెమోరియల్ సాఫ్ట్ కాపీ పంపే టైమైంది. కవర్ పేజీ మీద కోడ్ మాత్రమే ఉంది, ఎక్కడా కాలేజీ పేరు లేదు, అంతా సరిగ్గానే ఉంది. ఆ అమ్మాయి పంపబోతూ ఆగి, ఫైల్ ప్రాపర్టీస్ తెరిచింది. ఆథర్ అన్న చోట వాళ్ల కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ పేరు మొత్తం ఉంది. దాన్ని చెరిపేసి, మళ్లీ పీడీఎఫ్ చేసి, ఫైల్ పేరు కూడా కోడ్‌గా మార్చి, అప్పుడు పంపింది.